పెన్నా కట్టల మీద గ్రావెల్ సైకిల్: డెబ్బై వేలకు తగిన బండేనా?

నెల్లూరులో ఉంటూ, జాతీయ రహదారి మీద లారీల పక్కన తొక్కీ తొక్కీ విసిగిపోయి, పెన్నా పొర్లుకట్టలూ కాలువ గట్లూ పట్టుకుని తిరగాలనుకునే వారు తరచుగా అడిగే ప్రశ్న, గ్రావెల్ సైకిల్ (కంకర, మట్టి దారుల మీద కూడా పోయే లావు టైర్ల సైకిలు) కొనవచ్చా, లేక ఆ డబ్బు దండగా అని. డెబ్బై వేల రూపాయలకు కాస్త లోపు ధరకు కొన్న అటువంటి సైకిలును ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ ఈ దారుల మీదే వాడి రాస్తున్న సమీక్ష ఇది. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ ధరలో మన దేశంలో దొరికే గ్రావెల్ సైకిళ్ళ అమరిక ఇంచుమించు ఒకే తీరులో ఉంటుంది కనుక ఇక్కడ రాసిన మంచీ చెడూ ఆ తరగతికంతటికీ వర్తిస్తాయి. పైగా అమ్మకం తర్వాతి సేవలో నాకు ఎదురైన చికాకును ఒక్క సంస్థ మెడకు చుట్టడం నా ఉద్దేశం కాదు.

ముందుగా బండి వివరాలు. అల్యూమినియం ఫ్రేము, ఉక్కు ఫోర్కు, కిందికి వంగిన డ్రాప్ హ్యాండిలు, తీగతో పనిచేసే మెకానికల్ డిస్క్ బ్రేకులు, పెడళ్ళ దగ్గర 40 పళ్ళ చక్రం ఒక్కటి, వెనుక 11 నుంచి 42 పళ్ళ దాకా పది గేర్లు, 700×38 టైర్లు, అంటే లావు 38 మిల్లీమీటర్లు. బరువు పన్నెండు కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. దూరం నుంచి చూస్తే రేసు సైకిలులాగే కనిపిస్తుంది గానీ రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ, హ్యాండిలు కొంచెం ఎత్తు, టైరు లావు. ఈ ఫ్రేములో 42 మిల్లీమీటర్ల టైరు దాకా పడుతుందని కంపెనీ చెబుతుంది. ఆ అంకెతో వానాకాలం సంగతి చెప్పేటప్పుడు మళ్ళీ పని పడుతుంది.

ఈ రకం సైకిళ్ళకు పేరు వచ్చింది అమెరికా పల్లెల్లోని కంకర రోడ్ల మీద. కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియా పట్టణంలో 2006లో మొదలైన పందెం ఈ ఆటకు ఊపు తెచ్చింది. షిమానో సంస్థ 2019లో జీఆర్ఎక్స్ పేరుతో గ్రావెల్ కోసమే ప్రత్యేకంగా గేర్లూ బ్రేకులూ విడుదల చేసింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2022లో ఇటలీలో తొలి గ్రావెల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ నిర్వహించింది. అయితే పందేలతో నిమిత్తం లేని మామూలు జనం ఈ సైకిళ్ళను ఎక్కువగా తొక్కేది నదుల వెంట వేసిన బాటల మీదా, రైళ్ళు ఆగిపోయిన పాత రైలు దారుల మీదా. న్యూజిలాండ్‌లో 1990లో మూసివేసిన ఒటాగో సెంట్రల్ రైలు మార్గంలో 152 కిలోమీటర్ల దారిని 2000 సంవత్సరంలో సైకిళ్ళకూ నడకకూ తెరిచారు. స్పెయిన్ 1993 నుంచి ఒక ప్రభుత్వ కార్యక్రమంగానే పాత రైలు దారులను పచ్చని బాటలుగా మారుస్తూ వచ్చింది. ఆవిరి ఇంజను నిటారు ఎత్తు ఎక్కలేదు కాబట్టి, కొండ ఎదురైతే దాన్ని తొలిచో చుట్టి పోయో, లోయ వస్తే మట్టికట్ట పోసో, ఆనాటి ఇంజనీర్లు దారిని వీలైనంత చదునుగా ఉంచారు. సాధారణంగా నూటికి రెండు మూడు వంతులు మించని ఆ వాలు ఇవాళ అరవై ఏళ్ళ వారు కూడా ఆయాసపడకుండా సైకిలు తొక్కడానికి పనికి వస్తున్నది.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అలా సైకిళ్ళకు అప్పగించిన రైలు దారి లేదు. గుంటూరు–గుంతకల్లు మీటరు గేజి మార్గాన్ని బ్రాడ్ గేజిగా మార్చినప్పుడు, గిద్దలూరు దాటిన తర్వాత నల్లమలలో దొరబావి వంతెన మీదుగా పోయే పాత దారిని వదిలి కొత్త దారిలో పట్టాలు వేశారు. 1880లలో కట్టిన ఆ వంతెన దారి ఏ స్పెయిన్‌లోనో ఉండి ఉంటే ఈపాటికి సైకిళ్ళతో కిటకిటలాడేది. అది పులులు తిరిగే అడవి కాబట్టి ఆ ఆశ పెట్టుకోనక్కరలేదు. నడికుడి–శ్రీకాళహస్తి కొత్త మార్గం కోసం దర్శి, పొదిలి, కనిగిరి వైపు పోసిన మట్టికట్టలను చూస్తే సైకిలు ఎక్కించాలని మనసు లాగుతుంది గానీ ఆ పని చేయకూడదు. రైల్వే స్థలంలోకి అనుమతి లేకుండా పోవడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. కంకర పరిచిన తర్వాతైతే చట్టం అడ్డుపడనక్కరలేదు, కంకరే ఆపుతుంది. పట్టాల కింద వేసే రాయి కోడిగుడ్డంత ఉంటుంది, దాని మీద ఏ సైకిలూ నిలబడదు. విదేశాల్లో కూడా ఆ కంకరను తీసివేసో, కప్పివేసో, సన్నని రాతిపొడి పరిచి రోలరుతో అదిమిన తర్వాతే బాట తెరుస్తారు. అమెరికాలో చాలా వరకు మిస్సోరీ నది వెంట, దాదాపు 385 కిలోమీటర్లు సాగే కేటీ ట్రెయిల్ అలా సున్నపురాతి పొడి పరిచిన పాత రైలు దారే.

ఆ బాటలు అక్కడ చేసే పనిని ఇక్కడ కాలువ గట్లు చేస్తాయి. ఆవిరి ఇంజను ఎంత చదును కోరిందో సాగునీటి కాలువ అంతకంటే ఎక్కువ చదును కోరుతుంది. నీరు గట్టును కోయకుండా మెల్లగా పారాలంటే కిలోమీటరుకు వాలు సెంటీమీటర్లలో ఉండాలి. ఆ కాలువ పక్కన కాపలా చూసే లస్కర్లూ ఇంజనీర్లూ తిరగడానికి వేసిన గట్టు దారికీ అదే వాలు వస్తుంది. కండలేరు జలాశయం నుంచి చెన్నైకి నీరు తీసుకుపోయే తెలుగుగంగ కాలువ మన రాష్ట్ర సరిహద్దు దాకా 152 కిలోమీటర్లు ఉంటుంది. న్యూజిలాండ్ బాట పొడవు కూడా సరిగ్గా అంతే కావడం కాకతాళీయమే అయినా, ఆ గట్టు మీద తొక్కుతున్నప్పుడు నాకు అది గుర్తుకు రాకుండా ఉండదు. అయితే ఇవన్నీ జలవనరుల శాఖ ఆస్తి. గేటు వేసి ఉన్న చోట దూకకుండా అడిగి పోవడం, లస్కరు వద్దంటే వెనక్కి తిరగడం మర్యాద.

సైకిలును నేను ఎక్కువగా పరీక్షించిన దారి మాత్రం పెన్నాదే. నెల్లూరులో రంగనాయకుల గుడి దగ్గర బయలుదేరి, బ్యారేజీ మీదుగా కోవూరు వైపు దాటి, ఉత్తరపు ఒడ్డున జొన్నవాడ మీదుగా సంగం చేరి, సంగం బ్యారేజీ మీద దక్షిణపు ఒడ్డుకు వచ్చి తిరిగి నెల్లూరు చేరుకుంటే అరవై కిలోమీటర్లు దాటుతుంది. నెల్లూరు దగ్గర 1855లో కట్టిన ఆనకట్టకూ, సంగం దగ్గర 1880లలో కట్టిన ఆనకట్టకూ బదులుగా నిర్మించిన ఈ రెండు బ్యారేజీలూ 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి. వాటి మీద రోడ్డు ఉండటం వల్ల హైవే వంతెన ఎక్కే పని లేకుండా చుట్టు పూర్తి చేసుకునే వీలు కలిగింది. ఇది మొదటి నుంచి చివరి దాకా కట్ట మీదే సాగే దారి కాదు. కొంత పొర్లుకట్ట, కొంత ఊరి సిమెంటు రోడ్డు, కొంత తారు, కొంత చేల మధ్య గ్రావెల్ తోలిన డొంక. సరిగ్గా ఇలాంటి అతుకుల బొంత లాంటి దారికోసమే ఈ సైకిలు పుట్టిందని కంపెనీల ప్రకటనలు చెబుతాయి. ఆ మాట వరకు అవి అబద్ధం చెప్పడం లేదు. తారు మీద గంటకు ఇరవై రెండు, ఇరవై నాలుగు కిలోమీటర్ల వేగంతో పోతూ, కట్ట ఎక్కగానే పద్దెనిమిదికి దిగి, దిగినట్టు కూడా తెలియకుండా సాగడం మౌంటెన్ సైకిలు మీదా రాదు, సన్న టైర్ల రేసు సైకిలు మీదా రాదు.

ఏడాదిలో చాలా నెలలు ఇసుక మేటలతో, సన్నని పాయలతో కనిపించే పెన్నాను చూసిన వారికి ఈ కట్టలు ఇంత ఎత్తుగా ఎందుకున్నాయో అర్థం కాదు. 2021 నవంబరు వరదలో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయి, జాతీయ రహదారి తెగి, మద్రాసు–విజయవాడ రాకపోకలు నిలిచిపోయినప్పుడు అందరికీ అర్థమైంది. సైకిలు తొక్కేవారికి ఆ వరద మిగిల్చింది అతుకులు. పాత మట్టి గట్టిపడి నున్నగా ఉన్న కట్ట మీద హాయిగా పోతూ ఉండగా, కొత్తగా పోసిన గ్రావెల్ ఒక్కసారిగా మొదలవుతుంది. అందులో రాళ్ళు ఇంకా అణగలేదు. 38 మిల్లీమీటర్ల టైరులో గాలి ఎక్కువగా ఉంటే ముందు చక్రం అక్కడ పక్కకు జారుతుంది. కోతల కాలంలోనూ దమ్ముల కాలంలోనూ ట్రాక్టర్ల ఇనుప చక్రాలు గట్టును దున్నినట్టే చేస్తాయి. ఆ గాడులు ఎండిపోతే చేతుల ఎముకలు కదిలిపోతాయి. ఈ ధరలోని సైకిళ్ళకు ముందు భాగంలో షాక్ అబ్జార్బరు ఉండదు. ఉండనవసరమూ లేదు, ఎందుకంటే ఆ పని చేయవలసింది టైరు.

ఇక ఈ సమీక్షలో అసలు విషయం టైర్లే. మన దారుల మీద ఈ బండి బాగుండటమూ బాగుండకపోవడమూ ఫ్రేము మీదా గేర్ల మీదా కాక దాదాపు పూర్తిగా టైర్ల మీదే ఆధారపడి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన టైర్లు లోపల ట్యూబుతో వస్తాయి. యూరోపు రాతిపొడి బాటకు అది చాలు. పెన్నా కట్టకు చాలదు, కారణం కంపచెట్టు. సర్కారు తుమ్మ అని కొందరు పిలిచే ఈ చెట్టు మన రెండు జిల్లాల్లో కట్టలనూ చెరువులనూ కమ్మేసింది. వంటచెరకు కోసం కొట్టినప్పుడు రాలిన రెమ్మలు గట్టు మీదే ఎండుతాయి. ఎండిన ముల్లు పచ్చిముల్లు కంటే గట్టిగా, సూదిలా ఉంటుంది, చెప్పు అట్టనే దూసుకుపోతుంది. దానికి తోడు నేలబారున పాకే పల్లేరు కాయ. అది ఎప్పుడు గుచ్చుకున్నదో తెలియదు. ఇంటికి వచ్చి బండి గోడకు ఆనించి, మర్నాడు చూసేసరికి చక్రం నేలకు అంటుకుని ఉంటుంది. ట్యూబులతో ఈ దారి తొక్కడం అంటే తొక్కినంత సేపూ పంక్చరు కోసం ఎదురు చూడటమే.

అందుకని టైర్లు మార్చి ట్యూబులెస్ వేయించాను. 40 మిల్లీమీటర్ల టైరు, లోపల రబ్బరు పాలతో చేసిన సీలెంటు చక్రానికి అరవై మిల్లీలీటర్ల చొప్పున. ఇది ఎలా పనిచేస్తుందో ఒకసారి కట్ట మీద కళ్ళారా చూస్తే గాని నమ్మకం కుదరదు. ముందు చక్రం ప్రతి చుట్టుకూ ఒకసారి టిక్కుమంటుంటే దిగి చూశాను. అంగుళం పొడవున్న కంపముల్లు నడిగీతలోకి సగం దిగి ఉంది. రెండు వేళ్ళతో లాగగానే బుస్సుమని గాలి, దానితో పాటు తెల్లని పాలచుక్కలు చిమ్మాయి. ఆ రంధ్రం కిందికి వచ్చేలా చక్రాన్ని తిప్పి పట్టుకుంటే చుక్కలు నురగగా మారి, నురగ బుడగగా మారి, ఆ బుడగ కూడా ఆగిపోయింది. వేలితో తడిమితే చిన్న రబ్బరు బొడిపె తగిలింది. పంపు తీయవలసిన పనే లేకపోయింది. అయితే మన ఎండకు ఈ సీలెంటు డబ్బా మీద రాసినంత కాలం నిలవదు. చల్లని దేశాల్లో ఆరు నెలలు ద్రవంగా ఉండేది ఇక్కడ వేసవిలో అంతకు చాలా ముందే పెచ్చుగా ఎండిపోతుంది. వాల్వు తీసి, సన్న పుల్ల లోపలికి పెట్టి, తడి అంటుకుంటున్నదో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలి.

గాలి విషయంలోనూ కంపెనీ పుస్తకాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది. డెబ్బై అయిదు కిలోల మనిషికి ట్యూబులెస్ 40 మిల్లీమీటర్ల టైరులో ముందు 30, వెనుక 34 పీఎస్ఐ గాలి కట్ట మీద సరిపోతుంది. సముద్రం వైపు ఇసుక దారి పట్టేటప్పుడు ఇంకో నాలుగైదు తగ్గించాలి. మన పంక్చరు దుకాణాల్లో సైకిలు టైరును బొటనవేలితో నొక్కి, రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టడం అలవాటు. వద్దంటే నొచ్చుకుంటారు. అదీ గాక ఈ చక్రాలకు ఉండే ప్రెస్టా అనే సన్న వాల్వుకు అక్కడి గాలిగొట్టం పట్టదు. యాభై రూపాయల ఇత్తడి అడాప్టరు ఒకటి వాల్వుకు తగిలించుకుంటే ఏ ఊళ్ళోనైనా గాలి పడుతుంది. సైదాపురం, పొదలకూరు వైపు తిరిగేవారికి మరో హెచ్చరిక అవసరం. అక్కడ గనుల దగ్గర దారి నిండా పలుగురాళ్ళ ముక్కలు ఉంటాయి. అభ్రకం తళుకులకు ముచ్చటపడి చూస్తూ తొక్కితే పలుగురాయి అంచు టైరు పక్కగోడను కోస్తుంది. ఆ కోతను ఏ సీలెంటూ పూడ్చలేదు. పక్కగోడ మందంగా ఉన్న టైరు వంద గ్రాముల బరువు ఎక్కువైనా అదే తీసుకోవాలి.

ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. జొన్నవాడ దగ్గర టీ కొట్టులో ఒక పెద్దాయన నా బండి ధర అడిగి, "ఏంది అబ్బయా, డెబ్బై వేలా? ఆ డబ్బుకు పాత మోటారు సైకిలే వస్తుంది గదా!" అని నవ్వారు. ఆయన పక్కన నిలబెట్టి ఉన్నది నల్ల రంగు పాత సైకిలు, వెనుక క్యారేజీకి గడ్డిమోపు కట్టి ఉంది. దాని టైరు మీద 28×1½ అని రాసి ఉంటుంది. కొత్త లెక్కల్లో అది 40-635, అంటే లావు 40 మిల్లీమీటర్లు. నేను అదనంగా డబ్బు పోసి వేయించుకున్న టైరు లావు కూడా అంతే. తరాలుగా మన రైతులు ఇవే గట్ల మీద, ఇంతే లావు టైర్లతో, పొడవాటి ఫ్రేము మీద, రెండు వడ్ల బస్తాలు వేసుకుని మరీ తొక్కారు. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, అంటే ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడిందన్న వార్త చదివినప్పుడు ఆ రకం బండ్ల రోజులు తగ్గిపోతున్నాయని బాధ కలిగింది. ఆ పాత సైకిలుకు లేనివి గేర్లు, మంచి బ్రేకులు, తేలిక బరువు. ఉన్నవి మన్నిక, ఎక్కడైనా దొరికే విడిభాగాలు. కాబట్టి గ్రావెల్ సైకిల్ వల్ల కొత్తగా గట్టు మీద నడిచే శక్తి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అదే గట్టు మీద రెట్టింపు దూరం, అలసట లేకుండా, వేగంగా పోగలగడం దీని లాభం.

గేర్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 40 పళ్ళ ముందు చక్రం, 42 పళ్ళ వెనుక చక్రం కలిస్తే పెడలు ఒక చుట్టుకు బండి రెండు మీటర్ల పైచిలుకు మాత్రమే కదులుతుంది. రోడ్డు నుంచి కట్ట మీదికి ఎక్కే నిటారు ర్యాంపుకూ, ఉదయగిరి, పెంచలకోన వైపు వెలిగొండల వాలుకూ అది బాగా ఉపకరిస్తుంది. మిగతా అంతటా మధ్య గేర్లు నాలుగైదే అరిగిపోతాయి. పెడళ్ళ దగ్గర పళ్ళ చక్రాలు రెండు ఉన్న బండి కావాలా అని ఆలోచించే వారు ఈ జిల్లాలో ఆ ఆలోచన మానుకోవచ్చు. డ్రాప్ హ్యాండిలు మాత్రం అలంకారం కాదు. కట్ట అంటే నీడ లేని, అడ్డు లేని ఎత్తు. జ్యేష్ఠంలో పడమటి గాలి ముఖాన కొట్టేటప్పుడు కింది పట్టు పట్టుకుని వంగితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. మైపాడు వైపు పోయేవారు పొద్దున్నే బయలుదేరి, మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక ఇంటిదారి పడితే ఆ గాలి వీపును తోస్తూ నెల్లూరు దాకా తెస్తుంది. వేసవిలో ఆ వేళ ఎండకు తట్టుకోగలిగితేనే సుమా. రోహిణి కార్తెలో అయితే తొమ్మిది గంటలకల్లా ఇంట్లో ఉండటం మంచిది.

బ్రేకుల విషయంలో నా అభిప్రాయం మార్కెట్టు నడకకు విరుద్ధంగా ఉంటుంది. ఆయిలుతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు మెత్తగా, బలంగా పడతాయన్నది నిజం. అయినా మన దగ్గర తొక్కేవారు తీగ బ్రేకులే ఎంచుకోవాలని నా సలహా. గాలి బుడగ చేరిన హైడ్రాలిక్ గొట్టాన్ని సంగంలోనో, కందుకూరులోనో బాగు చేసేవారు దొరకరు. తీగ తెగితే అరగంటలో మార్చుకోవచ్చు. కాకపోతే అందులోనూ ఒక చిక్కు ఉంది. మామూలు సైకిలు బ్రేకు తీగకు చివర గుండ్రని దిమ్మ అడ్డంగా ఉంటుంది. డ్రాప్ హ్యాండిలు లివరుకు చిన్న బేరికాయ ఆకారపు దిమ్మ ఉన్న తీగ కావాలి. ఊళ్ళో దుకాణంలో మొదటి రకమే దొరుకుతుంది, అది ఇందులో పట్టదు. రెండు తీగలు కొని సీటు కింద సంచిలో పడేసుకుంటే బెంగ ఉండదు.

వానాకాలం దగ్గరకు వచ్చేసరికి ఈ బండి మార్కులు పడిపోతాయి. మనకు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. గ్రావెల్ తోలిన కట్ట ఒక్క రోజు ఎండ తగిలితే ఆరిపోతుంది, దాని మీద సమస్య లేదు. బంకమన్ను గట్టు, ఒంగోలు వైపు నల్లరేగడి డొంక అలా కాదు. ముందు టైరుకు మన్ను పలుచగా అంటుకుంటుంది, దానికి గడ్డిపోచలు తోడవుతాయి, పది చుట్లు తిరిగేసరికి అది ఫోర్కు కింద ముద్దగా చేరుతుంది. 40 మిల్లీమీటర్ల టైరు వేసిన తర్వాత నా ఫ్రేములో పక్కలకు మిగిలే జాగా చిటికెన వేలు కూడా పట్టదు. మరి కొన్ని అడుగులు పోయాక చక్రం తిరగడం మానేసి దున్నడం మొదలుపెడుతుంది. దిగి, పుల్లతో గీకి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి పోవడం కంటే భుజాన వేసుకుని నడవడం నయం. 42 పడుతుందన్న కంపెనీ మాట పొడి నేలకు మాత్రమే నిజం. కొత్తగా కొనేవారు 45 మిల్లీమీటర్లు, వీలైతే అంతకంటే ఎక్కువ జాగా ఉన్న ఫ్రేము చూసుకోవడం మంచిది. అయిదారు వేలు ఎక్కువ పెట్టినా ఆ ఖర్చు వృథా కాదు.

సముద్రం వైపు బకింగ్‌హామ్ కాలువ గట్ల మీద మరో రకం ఇబ్బంది. 1870ల చివరి కరువు కాలంలో కూలిపనిగా కొంత తవ్వించి, ఆనాటి మద్రాసు గవర్నరు పేరు పెట్టిన ఈ కాలువలో ఒకప్పుడు ఉప్పు, బియ్యం, కట్టెల పడవలు తిరిగేవి. గట్టు చాలా చోట్ల తెగింది, కొన్ని చోట్ల రొయ్యల గుంటల్లో కలిసిపోయింది. మిగిలిన ముక్కల మీద తొక్కడం ఆహ్లాదంగానే ఉంటుంది గానీ మెత్తని ఇసుక వచ్చిన చోట 40 మిల్లీమీటర్ల టైరు కూరుకుపోతుంది. ఉప్పుగాలికి గొలుసు ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది, రాయి తగిలి రంగు లేచిన చోట ఉక్కు ఫోర్కు తుప్పు పడుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, గొలుసుకు నూనె పెట్టకపోతే ఈ బండి ఎక్కువ కాలం నిలవదు. రొయ్యల గుంటల కాపలా కుక్కల సంగతి వేరే చెప్పాలా? వేగం పెంచకుండా దిగి, సైకిలును మనకూ వాటికీ మధ్య ఉంచుకుని నడిస్తే అవి మొరిగి ఊరుకుంటాయి.

ఇక సేవ. నా సైకిలు అట్టపెట్టెలో వచ్చింది. విప్పి చూసేసరికి వెనుక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగరు అనే చిన్న అల్యూమినియం ముక్క వంగి ఉంది. అరచేతిలో ఇమిడే ఆ ముక్క వంగితే గేర్లన్నీ గొలుసును జారవిడుస్తాయి. అమ్మిన వారికి ఫోటోలు పంపితే, బండిని చెన్నైలోని తమ కేంద్రానికి తీసుకురమ్మని జవాబు వచ్చింది. నూట డెబ్బై కిలోమీటర్ల అవతలికి, అప్పుడే వచ్చిన పెట్టెను, మా ఖర్చుతో. వారంటీ కాగితంలో ఇంటి వద్ద సేవ అన్న మాట ఉండి కూడా, ఆ ఇల్లు ఏ పిన్‌కోడులో ఉండాలో వారే నిర్ణయిస్తారట. చివరికి నెల్లూరులో ముప్పై ఏళ్ళుగా సైకిళ్ళు బాగు చేస్తున్న ఒక మెకానిక్ అన్న, ఇటువంటి బండి అంతకు ముందు చూడకపోయినా, ఆ ముక్కను విప్పి, పొడవాటి బోల్టు ఎక్కించి, కంటికొలతతో మెల్లగా వంచి సరిచేశారు. నూట యాభై రూపాయలు తీసుకున్నారు. అల్యూమినియం కాబట్టి అలా రెండోసారి వంచితే విరుగుతుందని కూడా ఆయనే చెప్పారు. హ్యాంగరు ప్రతి మోడలుకూ వేరుగా ఉంటుంది, బయట దొరకదు. బండి బుక్ చేసే రోజునే అదనంగా మరొకటి తెప్పించుకోవాలి. అమ్మేవారి దగ్గర ఆ ముక్క విడిగా లేదంటే ఆ బండి కొనకపోవడమే మంచిది.

ఎవరు కొనాలన్న ప్రశ్నకు నా జవాబు దూరాన్ని బట్టి ఉంటుంది. ఆదివారం ఉదయం రంగనాయకుల గుడి నుంచి జొన్నవాడ దాకా పోయి అమ్మవారి దర్శనం చేసుకుని రావడమే మీ ఉద్దేశమైతే, పాతిక ముప్పై వేలలో దొరికే హైబ్రిడ్ సైకిలుకు 40 మిల్లీమీటర్ల టైర్లు వేయించుకోండి. తొంభై పాళ్ళు ఇదే హాయి దక్కుతుంది, తిన్నని హ్యాండిలు కాబట్టి బ్రేకు తీగ కూడా ఊళ్ళోనే దొరుకుతుంది. యాభై, అరవై కిలోమీటర్లు దాటి, సంగం చుట్టు తిరిగో, కండలేరు గట్టు పట్టుకునో పోయేవారికి డ్రాప్ హ్యాండిలూ, తేలిక బరువూ, ఫ్రేముకు మూడు నీళ్ళ సీసాలు తగిలించే వసతీ నిజంగా అక్కరకు వస్తాయి. వారికి ఈ ధర ఎక్కువేమీ కాదు. సైకిలు పందేల మీద మోజుతో కార్బన్ ఫ్రేము వైపు చూసేవారు మాత్రం లక్షన్నర దాటి పెట్టే ముందు పలుగురాళ్ళను తలచుకోవాలి.

కొనేటప్పుడు బండి ధరకు మరో పది వేలు కలుపుకుని లెక్క వేసుకోండి: పక్కగోడ మందంగా ఉన్న ట్యూబులెస్ టైర్ల జత, సీలెంటు సీసా, రిమ్ము టేపు, వాల్వులు, ఇత్తడి అడాప్టరు, హ్యాంగరు, రెండు తీగలు. ట్యూబులెస్ టైరును రిమ్ములో కూర్చోబెట్టడానికి ఒక్కసారిగా చాలా గాలి కావాలి, చేతి పంపుతో అయ్యే పని కాదు. వాల్వు లోపలి పిన్ను తీసి, అడాప్టరు పెట్టి, లారీ టైర్ల దుకాణంలో కంప్రెసరుతో కొట్టిస్తే రెండుసార్లు టప్‌మని మోగి కూర్చుంటుంది. చక్రానికి ఇరవై రూపాయలు తీసుకుంటారు, నలభై పీఎస్ఐ దాటనివ్వకుండా పక్కనే నిలబడి చూసుకోండి.